కార్జపు రోగులకు టీకాలు



గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనకు ఒక సంగతి యెవరును నేర్పనక్కరలేదు. వానకాలము రాకముందే గట్టు పొడవున నడచి చూచెదము. ఎక్కడ ఎలుకలు బొరియలు చేసినవో, ఎక్కడ పశువులు దిగి మన్ను జారినదో, ఆ చోటనే ముందుగా మట్టి వేయుదుము. ఇసుక బస్తాలు పేర్చుదుము. గట్టిగా నున్నచోట బస్తాలు పేర్చి, జారిన చోటును "ఇది యెటులైనను బలహీనమైనదే గదా" యని విడిచిపెట్టువానిని మనము తెలివిగలవాడని యనము.

కాని శరీరము విషయమున మనలో పెక్కుమంది ఆ పొరపాటే చేయుచున్నారు. ఇంటిలో బలిష్ఠులైన పిల్లలకు టీకాలు వేయింతురు. కార్జపు జబ్బుతో నేండ్ల తరబడి బాధపడుచున్న పెద్దవానిని మాత్రము, "అసలే నీరసించియున్నాడు, ఇంకను సూది యెందుకు?" అని విడిచివేయుదురు. ఆ మాట తలక్రిందులు. కార్జము చెడినవానికే టీకాలు ముందు పడవలెను. ఈ యొక్క సంగతిని మీ మనస్సులకు ఎక్కించుటకే నేడు మాటలాడుచున్నాను.

మొదట నా తప్పు చెప్పుకొందును. నేను వైద్యుడను. మా మేనమామ కొత్తపేట ప్రాంతమున ఒక లంక గ్రామమున కొబ్బరి వ్యాపారము చేసెడివాడు. జన్మలో కల్లు గాని, సారా గాని ముట్టినవాడు కాడు. ఒడలు కొంచెము స్థూలము; మధుమేహము కలదు. ఒకనాడు కడుపు పరీక్ష చేయింపగా కార్జమునకు క్రొవ్వు పట్టినదనియు, కొంతమేర గట్టిపడినదనియు తేలినది. అన్నము తగ్గింపుమంటిని, తగ్గించెను. ప్రొద్దుట నడువుమంటిని, రేవుదాక నడచి వచ్చెడివాడు. నాలుగేండ్లు నా మాట జవదాటలేదు. కాని చెప్పవలసిన మాట యొకటి నేనే చెప్పలేదు.

ఒక పుష్యమాసమున, సంక్రాంతికి పట్టణము నుండి వచ్చిన మనుమనికి దగ్గు, జ్వరము. పిల్లవాడు నాలుగు దినములలో లేచి ఆటలాడెను. అదే జ్వరము మామయ్యకు తగిలినది. మూడవనాటికి ఊపిరి యాడలేదు. ఊపిరితిత్తులకు న్యుమోనియా పట్టినది. ఆసుపత్రిలో దగ్గు కొంత నిమ్మళించునప్పటికి కార్జము చేతులెత్తివేసినది. కన్నులు పచ్చబడినవి, పొట్టలో నీరు నిండినది, మాట తడబడినది. పదునొకండవ దినమున పోయినాడు.

పెద్దకర్మ నాటి సాయంకాలము మా అత్తయ్య నన్ను పిలిచి, "అబ్బాయీ, ఈ జ్వరం రాకుండా ముందుగా వేసే సూది ఏదైనా ఉందా?" అని యడిగినది. "ఉందత్తయ్యా" అంటిని. "మరి మీ మామయ్యకి చెప్పలేదేం?" అన్నది. ఆ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేకపోయినది. ఆ సూది పడియున్నచో మామయ్య తప్పక బ్రతికెడివాడని నేను చెప్పజాలను. ఏ టీకాయును అంత పూచీ ఇయ్యదు. కాని ఆయనకు రావలసిన రక్షణ ఒకటి ఆయనకు రాలేదు. అందులకు కారణము నా మరపు. ఆ ఋణము కొంత తీర్చుకొనుటకే ఈ ప్రసంగము.

ఇక విషయమునకు వచ్చెదను. మాంసపు అంగడిలో మనము కార్జమని పిలుచుదానినే పుస్తకములలో కాలేయమనియు, యకృత్తనియు వ్రాయుదురు. పెద్దవానిలో అది సుమారు కిలోన్నర బరువుండును. అన్నము నరుగదీయుటకు పైత్యరసమును తయారుచేయుట దాని పని యని అందరకును తెలియును. దానికి మరియొక పని గలదు; అది కాపలా పని. ప్రేగులనుండి వచ్చు నెత్తురంతయు ముందుగా కార్జము గుండా పోవలెను. ఆ నెత్తురుతో కూడ వచ్చు సూక్ష్మజీవులను కార్జములోని కాపలా కణములు పట్టి మ్రింగివేయును. రోగముతో పోరాడుటకు కావలసిన మాంసకృత్తులలో పెక్కింటిని కార్జమే తయారుచేయును.

కార్జము దీర్ఘకాలము దెబ్బతిన్నచో మచ్చలుపడి, గట్టిపడి, గడ్డలు కట్టును. దీనినే డాక్టర్లు సిర్రోసిస్ అందురు. అప్పుడు నెత్తురు దారి మరలి, కాపలా లేని ప్రక్కదారులను పోవును. రక్షక పదార్థముల తయారీ తగ్గును. ఇందువలన ఇట్టి రోగికి అంటువ్యాధులు తేలికగా పట్టును. పట్టినవి తీవ్రముగా నుండును. ఇతరులకు వారము దినముల జ్వరమైనది ఇతనికి ప్రాణాంతకము కావచ్చును. అంతవరకు ఎట్లో నెట్టుకొని వచ్చుచున్న కార్జము ఆ యొక్క తాకుడుతో పూర్తిగా కూలవచ్చును. మా మామయ్య విషయమున జరిగినది ఇదియే.

ఇచ్చట ఒక మాట. కార్జము చెడినదనగానే "త్రాగుబోతై యుండును" అని లోకము చెవులు కొరుకుకొనును. త్రాగుడు ఒక ముఖ్యకారణమే, కాదనను. కాని మధుమేహము, స్థూలకాయము వలన క్రొవ్వు పట్టియు కార్జము చెడును. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి యను సూక్ష్మజీవుల వలనను చెడును. నిందకు జడిసి రోగమును దాచుకొన్నవారు వైద్యమునకు ఆలస్యముగా వత్తురు. త్రాగి చెడినవానికైనను టీకా అక్కరయే. గట్టు ఎవరి తప్పువలన జారినదను తగవు తరువాత తీర్చుకొనవచ్చును. ముందు మట్టి వేయవలెను.

ఆ గట్టు సామ్యమునే ఇంకొక అడుగు ముందుకు నడిపింతును. 2022 జూలై నెలలో దవళేశ్వరము వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులకు మించినప్పుడు మన లంకలు మునిగిన తీరు మీరు చూచినారు. ఏరు పొంగి గట్టుమీదికి వచ్చిన తరువాత వేసిన మట్టి నిలుచునా? టీకా సంగతియు అంతే. టీకా యనగా శరీరమునకు శత్రువును ముందుగా పరిచయము చేయుట. ఆ పరిచయమును అందుకొని రక్షక పదార్థములను తయారుచేయవలసినది రోగి శరీరమే. ఆరోగ్యవంతులైన యువకులకు హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు వేసినచో నూటికి తొంబదిమందికి పైగా రక్షణ కలుగును. కార్జము గట్టిపడినవారిలో సగముమందికైనను కలుగకపోవుట సామాన్యము. కావున రోగము తెలిసిన మొదటి దినములలోనే టీకాలు వేయించుకొనవలెను. "ముదిరినప్పుడు చూతము" అనుట గండి పడిన తరువాత తట్టలు వెదకుట. అయినను, ముదిరినవారు ఆశ విడువరాదు. వారికి కొంత రక్షణ కలిగినను మేలే.

ఇప్పుడు ఏ యే టీకాలో చెప్పెదను. కాగితము, కలము దగ్గర నున్నచో వ్రాసికొనుడు.

మొదటిది హెపటైటిస్ బి టీకా. ఈ రోగబీజపు ఆనవాలును బారూక్ బ్లంబర్గు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతపు దశకమున ఒక ఆస్ట్రేలియా ఆదివాసి నెత్తుట కనుగొనెను; 1976 లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన పుట్టినరోజగు జూలై 28 నే ప్రపంచ హెపటైటిస్ దినముగా జరుపుచున్నారు. 2022 నాటి లెక్కలనుబట్టి మన దేశమున సుమారు 3 కోట్లమందికి ఈ రోగము దీర్ఘకాలముగా నున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. వారిలో పెక్కుమందికి తమకున్నట్లే తెలియదు. ఇది నెత్తుటి ద్వారా, శుద్ధిచేయని సూదుల ద్వారా, ఒకరికి వాడిన క్షౌరపు కత్తిని మరియొకరికి వాడుట ద్వారా, దాంపత్యము ద్వారా, కాన్పునందు తల్లినుండి బిడ్డకును సంక్రమించును. ఒక పంక్తిని భోజనము చేయుటవలన గాని, చేయి తాకుటవలన గాని అంటదు. కావున ఇట్టి రోగిని వెలివేయుట పాపమే కాదు, అవివేకము కూడ.

ఈ టీకా వెనుక తెలుగువారి చరిత్ర యొకటి గలదు. ఒకప్పుడిది విదేశములనుండి దిగుమతియై, ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు పలికెడిది; పేదవాని గడపకు వచ్చెడిది కాదు. నెల్లూరు జిల్లావాడగు కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993 లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్సు అను సంస్థను స్థాపించిరి. 1997 ఆగస్టులో ఆ సంస్థ ఈ టీకాను స్వదేశముననే తయారుచేసి విడుదల చేసినది. ఆ తరువాత ధర యెంతయో తగ్గినది. 2005 లో ప్రభుత్వము ఆయనను పద్మభూషణ్ బిరుదుతో గౌరవించినది. 2011 లో ఆరంభించిన విస్తరణతో ఈ టీకా దేశమందలి శిశువులందరకు ఉచితముగా నిచ్చు పట్టికలో చేరినది. పుట్టిన 24 గంటలలోపల ఒక మోతాదు పడవలెను. తల్లికి ఈ రోగమున్నచో బిడ్డకు దీనితో పాటు మరియొక రక్షకౌషధమును పుట్టిన వెంటనే ఇత్తురు.

మన తరము వారమో? మన చిన్ననాట ఈ టీకా లేనేలేదు. కావున పెద్దవారగు కార్జపు రోగులు ముందుగా నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. రోగబీజము ముందే లోపల నున్నచో టీకా దానిని పోగొట్టలేదు. అట్టివారికి మాత్రలు వేరుగా గలవు. లేనిచో టీకా వేయించుకొనవలెను. సామాన్యముగా మూడు మోతాదులు: నేడొకటి, నెలకొకటి, ఆరవ నెలకొకటి. భుజమునకే వేయించుకొనుడు, పిరుదున వేసినచో పని తక్కువ. కార్జము గట్టిపడినవారికి డాక్టరు మోతాదు పెంచవచ్చును. చివరి మోతాదైన నెల, రెండు నెలలకు మరల నెత్తురు పరీక్ష చేయించి, రక్షణ కలిగినదో లేదో తెలిసికొనవలెను. కలుగనిచో మరియొక విడత వేయుదురు. ఈ చివరి పరీక్షను పెక్కుమంది మరచెదరు. పొలమున విత్తనము చల్లి మొలచినదో లేదో చూడని రైతు ఉండునా?

రెండవది హెపటైటిస్ ఏ టీకా. ఈ రోగము చెడిన నీటివలన, ఆహారమువలన వచ్చు కామెర్లలో నొకటి. చెరువునీరు, కాలువనీరు త్రాగి పెరిగిన మన పెద్దలలో పెక్కుమందికి చిన్ననాటనే తెలియకుండ వచ్చి పోయి, జీవితకాలపు రక్షణ మిగిలియుండును. శుద్ధినీరు త్రాగి పెరిగిన పిల్లలకు, పట్టణవాసులకు ఆ రక్షణ ఉండకపోవచ్చును. కార్జము చెడిన పిదప ఇది క్రొత్తగా తగిలినచో మిక్కిలి ప్రమాదము. రక్షణ యున్నదో లేదో నెత్తురు పరీక్ష చెప్పును. లేనివారికి ఆరునెలల యెడముతో రెండు మోతాదులు.

మూడవది ఇన్‌ఫ్లుయెంజా టీకా. మా అత్తయ్య అడిగినది దీనినిగూర్చియే. ఈ జ్వరపు బీజము ఏటేట వేషము మార్చును. కావున టీకాయును ప్రతి సంవత్సరము వేయించుకొనవలెను. నాల్గవది న్యుమోకాకస్ అను సూక్ష్మజీవి వలన వచ్చు న్యుమోనియాకు టీకా. ఇందులో రెండు మూడు రకములు గలవు. ఏది, ఎంత యెడముతో నను సంగతి డాక్టరు నిర్ణయించును. ఐదవది ధనుర్వాతము, కంఠసర్పి రాకుండ వేయునది. కత్తితో, పారతో, కొబ్బరిమట్టతో నిత్యము పనిచేయు మనకు దీని యవసరము చెప్పనక్కరలేదు.

భయపడువారికి కొన్ని సమాధానములు చెప్పెదను. "ఈ సూదులవలన కామెర్లే వచ్చునేమో" అందురు. రాదు. హెపటైటిస్ బి టీకాలో సజీవమైన రోగబీజము లేదు. దాని పైతొడుగు వంటి పదార్థము మాత్రమే యుండును. నేను పైని చెప్పిన సూదిమందులలో సజీవ బీజము లేని రకములనే కార్జపు రోగులకు వాడుదురు. కొన్ని టీకాలలో బలహీనపరచిన సజీవ బీజములుండును. తట్టు, ఆటలమ్మ టీకాలు అట్టివి. హెపటైటిస్ ఏ టీకాలో కూడ అట్టి రకమొకటి గలదు. కార్జమార్పిడి జరిగినవారును, రోగనిరోధక శక్తిని తగ్గించు మందులు వాడువారును వీనిని వేయించుకొనరాదు. కావున టీకా వేయువారికి "నాకు కార్జపు జబ్బున్నది, ఈ మందులు వాడుచున్నాను" అని ముందే చెప్పుడు. మార్పిడి చేయించుకొనదలచినవారు తమ టీకాలన్నియు శస్త్రచికిత్సకు ముందే ముగించుకొనుట మేలు.

సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు దినములు కొద్దిపాటి జ్వరము సహజము. కార్జపు రోగులలో నెత్తురు త్వరగా గడ్డకట్టదు; కనుక సన్నని సూది వాడుమని చెప్పి, వేసిన చోటను రెండు నిమిషములు రుద్దక గట్టిగా అదిమిపట్టుడు. తీవ్రజ్వరమున్న దినమున వాయిదా వేయవచ్చును. చిన్న జలుబునకు మానుకొననక్కరలేదు.

టీకా సర్వరక్షణ కాదని కూడ చెప్పుట నా విధి. హెపటైటిస్ సి కి టీకా లేదు. కాని మాత్రలతో మూడు నెలలలో సామాన్యముగా నయమగును. వరదల వెనుక వచ్చు కామెర్లలో హెపటైటిస్ ఇ ముఖ్యమైనది. దాని టీకా మన ప్రభుత్వపు పట్టికలో లేదు. కాచి చల్లార్చిన నీరే దానికి మందు. టీకాలు వేసికొన్నాను గదా యని త్రాగుట, మధుమేహమును విడిచిపెట్టుట కూడదు. టీకా చెడిన కార్జమును బాగుచేయదు. ఉన్నదానిని మరియొక దెబ్బ తగులకుండ కాచును.

మన ఊళ్లలో కామెర్లనగానే పసరు మ్రింగుట, వాతలు పెట్టించుట వాడుక. పెద్దలపై గౌరవముతోనే ఒకటి మనవి చేయుచున్నాను. నీటివలన వచ్చు కామెర్లు పెక్కుమందికి విశ్రాంతితో వానియంతట అవే పోవును. పసరునకు ఆ పేరు దక్కును. కాని కార్జము ముందే చెడినవానికి కామెర్లు వచ్చుట వేరు సంగతి. అతనికి ఒక్కొక్క దినము విలువైనది. పసరుతో వారము గడిపినచో ఆ వారము తిరిగి రాదు.

ఖర్చు మాట. పెద్దలకు వేయు ఈ టీకాలన్నియు అన్నిచోట్ల ఉచితముగా దొరకవు. న్యుమోనియా టీకా ఖరీదు కొంచెము ఎక్కువ. 2018 జూలై 28 న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద హెపటైటిస్ బి, సి ల పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా నిత్తురు. ముందు ప్రభుత్వ వైద్యశాలలో విచారింపుడు. ఉచితముగా దొరకని దానికి ఇంటివారు కొంత కూడబెట్టుట మంచిది. ఆసుపత్రిలో పదునొకండు దినములకు మా మామయ్య ఇంటివారు పెట్టిన సొమ్ముతో ఈ టీకాలన్నియు ఎన్నియో మార్లు వేయించియుండవచ్చును.

పెద్దలారా, మీలో పెక్కుమంది భుజములపై మశూచికపు టీకా మచ్చ యున్నది. మీ చిన్ననాట టీకాలవారు వచ్చినప్పుడు పిల్లలను గాదెల వెనుక దాచిన ఇండ్లు కలవు. దాచిన పిల్లలను బయటికి రప్పించినది ఊరి పెద్దల మాటయే. 1975 తరువాత మన దేశమున ఆ వ్యాధి కనబడలేదు. 1980 లో లోకమునుండియే పోయినదని ప్రకటించిరి. అట్టి మాటయే నేడును మీరు చెప్పవలెను. మీ ఊర కార్జపు జబ్బు గలవారెవరో మీకు తెలియును. వారి యరుగుమీద కూర్చుండి, "డాక్టరుగారిని నీ టీకాల సంగతి అడిగితివా?" అని యొక్క ప్రశ్న వేయుడు. డాక్టరు మరచియుండవచ్చును, నేను మరచితిని గదా. అడిగిన రోగి మరపును తీర్చును.

మా అత్తయ్య ఆ తరువాతి యేట ఒక పని చేసినది. మా మామయ్య తమ్మునికిని కార్జమునకు క్రొవ్వు పట్టినది. ఆమె కొబ్బరి లెక్కలు వ్రాసెడి పాత నోటుపుస్తకములో ఒక పుట ఖాళీ చూచి, టీకాల పేర్లు, తేదీలు నాచేత వ్రాయించినది. మరిదిని తానే వెంటబెట్టుకొని పంటు దాటించి తీసికొనిపోయి వేయించినది. ప్రతి సంవత్సరము ఆ పుట తెరచి, "అబ్బాయీ, ఈ యేటి సూది వేళైందా?" అని నన్నడుగుచున్నది. ఆ ప్రశ్న నన్ను మొదట నేనే యడుగుకొనవలసినది. మీ యింట కార్జపు రోగి యున్నచో అట్టి పుట యొకటి నేడే తెరువుడు.